బలపం తినే పిల్ల

తెలుగులో సోమరితనానికి ఎన్ని పేర్లున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. మొద్దు, మందకొడి, నిద్రమొహం, బద్ధకిష్టి, పనిదొంగ, ఒళ్ళు వంగనిది, ఎప్పుడూ ఈసురోమనేది. ఇంటింటి తిట్లు వేరే ఉన్నాయి. అవి ఇక్కడ వ్రాయదగినవి కావు. ముప్ఫై యేళ్ళకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పినవాడిని గనుక ఈ మాటలు ఎవరి మీద ఎక్కువగా పడతాయో దగ్గరనుండి విన్నాను. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లల మీద, కొత్తకోడళ్ళ మీద, బాలింతల మీద. మగపిల్లవాడు చదవకపోతే ఆకతాయి అంటాము, తుంటరి అంటాము. ఆ మాటలలో కొంత చలనమైనా ఉన్నది. ఆడపిల్ల చదవకపోతే వాడే మాటలన్నీ నిద్రకూ మాంద్యానికీ సంబంధించినవే. వీటిని మనము గుణాలను తెలిపే పదాలుగా వాడుకుంటున్నాము. మా ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల వరకైతే వీటిలో సగమైనా రోగలక్షణాల పట్టికలోకి మార్చవలసినవని నా అభిప్రాయం. ఆ రోగం పేరు రక్తహీనత.

సంఖ్యలు ముందు చెప్పి ఆ పని ముగించుకుంటాను. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఐదేళ్ళలోపు పిల్లలలో 63.2 శాతం. దేశమంతటా చూస్తే స్త్రీలలో 57 శాతం, అదే వయసు పురుషులలో 25 శాతం. ఈ లెక్కలపై శాస్త్రజ్ఞులలో వివాదం లేకపోలేదు. వేలికొనను గుచ్చి తీసిన చుక్కతో చేసే పరీక్షకూ, చేతి నరం నుండి తీసిన రక్తంతో చేసే పరీక్షకూ తేడా వస్తుందంటారు. ఆ రెండవ పద్ధతిలో 2016–18లో పిల్లలకు చేసిన జాతీయ పోషకాహార సర్వేలో శాతాలు తక్కువగానే వచ్చాయి. అయినా అందులోనూ పది నుండి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లలలో 40 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మగపిల్లలలో అది 18 శాతం. నలభై మంది ఆడపిల్లలున్న తరగతి అయితే పదహారు మంది. వారిని మనము పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాము, పైన చెప్పిన పేర్లతో.

అసలు ఈ రక్తహీనత అన్న మాట నాకంతగా నచ్చదు. హీనత అంటే లేమి, లోపం. వినేవారికి ఒంట్లో రక్తం కొలత తగ్గిపోయినట్లు తోస్తుంది. దానితో ఎర్రనివి తింటే ఎర్రని రక్తం పడుతుందని బీటురూటు, దానిమ్మ కొని తెస్తారు. బీటురూటులో ఇనుము స్వల్పం. తగ్గినది రక్తం కాదు, రక్తంలోని ఎర్రకణాలు, వాటిలో ఉండే హిమోగ్లోబిన్ అనే పదార్థం. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎక్కించుకుని ఒళ్ళంతా చేరవేసేది అదే. దాని నడుమ కూర్చున్నది ఇనుము. పెద్దవారి శరీరం మొత్తంలో ఉండే ఇనుము 3, 4 గ్రాములు మాత్రమే; ఒక చిన్న మేకుకు సరిపోతుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అది చనిపోగానే అందులోని ఇనుమును శరీరం పారవేయదు, మళ్ళీ కొత్తకణానికి వాడుకుంటుంది. పాత ఇంటి దూలాలు విప్పి కొత్త ఇంటికి వాడుకునే పొదుపరి గృహస్థు వలె. అందుచేత పురుషునికి రోజూ ఆహారం నుండి ఒంటబట్టవలసిన ఇనుము ఒక మిల్లీగ్రాము దాటదు. స్త్రీకి నెలనెలా పోయేదాని లెక్క కలుస్తుంది. గర్భవతికి తొమ్మిది నెలలలో మొత్తం మీద దాదాపు వెయ్యి మిల్లీగ్రాములు కావాలి. ఆ లెక్క తెలిసినవారెవరూ ‘ఆడవాళ్ళకు ఈ నీరసాలు మామూలే’ అనరు.

పూర్వుల మాట పాండురోగం. అది మేలైన మాట, ఎందుకంటే కంటికి కనబడేదానిని చెబుతుంది. పాండువంటే పాలిపోయిన తెలుపు. వ్యాసుని చూచి వెలవెలబోయిన అంబాలికకు పాండురాజు పుట్టాడన్న కథ అందరికీ తెలిసినదే. మా వైపు పెద్దవాళ్ళు తెల్లకామెర్లు అనేవారు, కాళ్ళూ ముఖమూ పొంగితే ఉబ్బుకామెర్లు అనేవారు. ఈ కామెర్ల మాట వల్ల ఒక చిక్కు వచ్చింది. పచ్చకామెర్లకు పసరు పోసేవారి దగ్గరికే వీరినీ తీసుకుపోయి నెలలు గడిపేవారు. చరకసంహితలో పాండురోగ చికిత్సకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమున్నది. అందులో పాండురోగాన్ని ఐదు విధాలుగా చెప్పి, ఐదవది మృద్భక్షణం వలన, అంటే మన్ను తినడం వలన వచ్చేది అన్నారు. ఔషధాలలో లోహమూ మండూరమూ, అంటే ఇనుమూ దాని చిట్టెమూ ఉన్నాయి. హిమోగ్లోబిన్ పేరు కూడా పుట్టని కాలంలో ఇంతవరకు చూడగలగడం సామాన్యం కాదు. (అంతమాత్రాన ఎవరు చేశారో తెలియని భస్మాలు ఇప్పుడు కొనుక్కుని మింగమని నేను చెప్పడం లేదు. అందులో సీసం ఉన్నదో లేదో మీకు తెలియదు.)

ఆ మన్ను తినడం దగ్గరికే వస్తాను. ఏ సంవత్సరం ఏ తరగతి తీసుకున్నా, బలపాలు తినే పిల్ల ఒకతె తప్పకుండా ఉండేది. పెద్దతరగతులలో పలకలుండవు కనుక సుద్దముక్కలు. ఇళ్ళలో అయితే నానబెట్టిన బియ్యం, గోడ సున్నం పెచ్చులు, విభూతి, కుండపెంకులు, కొత్తగా తడిసిన మట్టి. చేపలు సర్దే ఐసు దొరికే ఊళ్ళలో ఐసుముక్కలు. తల్లులు వీపు మీద వేస్తారు, మాస్టర్లు బెంచీ ఎక్కిస్తారు, తోటిపిల్లలు పేరు పెడతారు. బలపం తిన్నందువల్ల ఒంట్లో రక్తం పోయిందని పెద్దల తీర్మానం. నేటి వైద్యులు చెప్పేది ఎక్కువగా దీనికి ఎదురు దిశలో ఉంటుంది: ఇనుము తగ్గిన శరీరం ఇలాంటి వింత కోరికలు పుట్టిస్తుంది, ఇనుము అందగానే అవి తమంతట తాము పోతాయి. మట్టి తినడం వల్ల ఉన్న ఇనుము ఒంటబట్టకపోవడం, కడుపులో పురుగులు చేరడం కూడా నిజమే కనుక చరకుడూ తప్పు చెప్పలేదు. చక్రం రెండు వైపులా తిరుగుతుంది. పోతనగారి యశోద మన్ను తిన్న బిడ్డను నోరు తెరవమన్నది. మన తల్లులు తెరచి చూడవలసినది క్రింది కనురెప్ప. లోపల ఎర్రగా ఉండవలసిన చోటు కాగితంలా ఉంటే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఎర్రగానే కనబడినా నీరసముంటే చేయించాలి, ఎందుకంటే కొద్దిపాటి తగ్గుదల కంటికి దొరకదు.

నాకు తెలిసిన ఇంకొక గుర్తు వైద్యగ్రంథాలలో ఉండదు. సీసపద్యం చదివించడం. సీసపాదం పొడవైనది, ఆరోగ్యంగా ఉన్న పదమూడేళ్ళ పిల్ల సగం పాదం ఒక ఊపిరిలో తేలికగా అనేస్తుంది. కొల్లేటి లంకగ్రామం నుండి వచ్చే పిల్ల ఒకతె రెండు గణాలకొకసారి ఆగి గాలి పీల్చుకునేది. పద్యం రాక కాదు. ధారణ బ్రహ్మాండంగా ఉండేది. మెట్లెక్కి తరగతికి వచ్చి కూర్చున్న తరువాత ఐదు నిమిషాల దాకా మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనబడేది. ఆరోగ్యకేంద్రం డాక్టరమ్మ దగ్గరికి పంపాము. హిమోగ్లోబిన్ 7 గ్రాములు వచ్చింది. పురుగులకు మాత్ర, ఇనుము మాత్రలు, అన్నం తిన్న వెంటనే టీ మానమని ఒక మాట, అంతే వైద్యం. రెండు మూడు వారాలలోనే బలపాలు తినడం మానేసిందని తోటిపిల్లలే చెప్పారు. నాలుగు నెలలకు అదే పద్యం అదే పిల్ల ఆగకుండా చదివింది. ఆ నాలుగు నెలలలో నేను ఆ పిల్లకు కొత్తగా నేర్పిన వ్యాకరణమేమీ లేదు. ఇనుము తక్కువైన పిల్లకు ఏకాగ్రత, జ్ఞాపకం తగ్గుతాయని శాస్త్రం చెబుతున్నది. అలాంటి పిల్లకు మార్కులు తక్కువ వస్తే చదువు మాన్పించి సంబంధాలు చూడటం మన ఊళ్ళ ఆచారం. పద్దెనిమిది నిండకుండా గర్భవతి అవుతుంది. ఆమె కడుపున పుట్టే బిడ్డ ఇనుము నిల్వలు తక్కువగానే పుడుతుంది.

ఇక్కడ మిత్రులు అడగవచ్చు, అన్నపూర్ణ వంటి ఈ నేలకు ఈ దరిద్రమేమిటని. తాడేపల్లిగూడెం చుట్టూ ధాన్యం మిల్లులు, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, కైకలూరు, ఆకివీడు వైపు కనుచూపు మేర చేపల చెరువులు. సరిగా చూస్తే జవాబు కూడా ఆ చెరువులలోనే కొంత ఉన్నది. కొల్లేటిలో వలవేసి పట్టిన చిన్నచేప, మట్టగిడస, జెల్ల, ఇంటి కూరకుండలోకి వచ్చేది. చెరువులో పెంచిన బొచ్చె, శీలావతి పంట వంటివి. వాటికి తూకమున్నది, ధర ఉన్నది; ఐసు పెట్టెలలో లారీలెక్కి బెంగాలుకు, అస్సాముకు పోతాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో చెరువుల గట్లు కొట్టివేయడం, ఆ పైన జరిగిన వాదప్రతివాదాలు వేరే సంగతి, అందులోకి దిగను. చేపలు ఎగుమతి చేసే ఊరిలో చేపలు పట్టినవాని భార్య అన్నంలో పచ్చడి కలుపుకుని తింటున్నదన్నది మాత్రం నేను అనేక ఇళ్ళలో చూసినదే. చేపలోని, మాంసంలోని ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది. బియ్యం, పప్పు, ఆకుకూరలలోని ఇనుము కష్టంగా పడుతుంది. మిల్లులో తెల్లగా పాలిషు పట్టిన బియ్యంలో ఆ ఉన్న కాస్తా తౌడుతో పోతుంది.

పైగా వడ్డన క్రమం ఒకటున్నది. మొదట మగవారు, తరువాత పిల్లలు, చివర వండిన ఇల్లాలు. ఆమె వంతుకు వచ్చేది చారు, అడుగు కూర. దాని మీద ఒక గ్లాసు టీ. భోజనంతో పాటు త్రాగిన టీ, ఆ భోజనంలోని ఇనుము ఒంటబట్టడాన్ని సగానికి పైగా తగ్గిస్తుంది. అదే అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ నంజుకున్నా, తరువాత ఒక జామకాయ తిన్నా పెరుగుతుంది. ఇనుప మూకుడులో పులుసు కాచడం వల్ల కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. మూకుళ్ళు పాతసామాను వాడికి వేసి నాన్‌స్టిక్కులు కొనుక్కున్నాము. ఇక బాలింత పథ్యం సంగతి. కాన్పులో రక్తం పోయిన మనిషికి ఆకుకూర చలవ చేస్తుందని, చేప చీము పోస్తుందని, నీళ్ళు వాతమని అన్నీ మాన్పించి వెల్లుల్లి కారంతో అన్నం పెట్టే ఇళ్ళు మా జిల్లాలో ఇంకా ఉన్నాయి. మన సంప్రదాయాలలో నేను సమర్థించేవి చాలా ఉన్నాయి. ఇది వాటిలో లేదు.

కొంకిపురుగు గురించి రెండు మాటలు. తడినేలలో, ఆరుబయట మలవిసర్జన జరిగిన చోట, దీని పిల్లపురుగులు చెప్పులు లేని పాదం చర్మం గుండా లోపలికి పోయి చివరకు ప్రేగులకు చేరి అక్కడ పట్టుకుంటాయి. జాతిని బట్టి ఒక్కొక్క పురుగు రోజుకు 0.03 నుండి 0.2 మిల్లీలీటర్ల వరకు రక్తం తీస్తుంది. చిన్న లెక్కే, వంద పురుగులుంటే ఏడాదికి ఎంతవుతుందో మీరే గుణించుకోండి. ఊడ్పులకు దిగే ఆడవారు చెప్పులతో దిగలేరు. 2015 నుండి బడులలో ఫిబ్రవరి 10న ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తున్నది ఇందుకే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనలేము. గర్భిణులకూ పిల్లలకూ ఇనుము మాత్రలిచ్చే కార్యక్రమం 1970లోనే మొదలయింది. 2013లో బడిపిల్లలకు వారానికొక మాత్ర వచ్చింది. 2018లో ‘అనీమియా ముక్త్ భారత్’ అన్నారు. చిన్నపిల్లలకు గులాబి, పెద్దపిల్లలకు నీలం, గర్భిణులకు ఎరుపు. యాభై యేళ్ళు మాత్రలు పంచిన దేశంలో సగానికి పైగా స్త్రీలకు ఇంకా ఈ జబ్బు ఉండడానికి కారణాలు చాలా ఉండవచ్చు. నా కంటికి ఆనినది ఒకటి: మాత్ర ఇచ్చాము, మాట ఇవ్వలేదు. బడి ప్రహరీ గోడ వెనుక నీలపు మాత్రలు రాలి ఉండడం నేనెరుగుదును. మాత్ర వేసుకున్న మరునాడు విరేచనం నల్లగా అవుతుంది. చెప్పకపోతే పదమూడేళ్ళ పిల్ల లోపల ఏదో కుళ్ళిపోయిందని భయపడుతుంది. ఆ సంగతి మాస్టారికి చెప్పదు, తల్లికి కూడా చెప్పదు, మాత్ర పారేస్తుంది. కడుపులో త్రిప్పుతుంది, పరగడుపున వేసుకుంటే మరీను. ఈ రెండు సంగతులూ ముందే చెప్పి, అన్నం తిన్నాక వేసుకోమని, రంగు మారితే భయం లేదని, ఒంట్లో ఇనుము నిండడానికి వారాలు కాదు నెలలు పడుతుందని తేటతెలుగులో చెబితే ఎంత పని! గోడమీద ఆరోగ్యశాఖవారి పటంలో ఉన్న తెలుగేమో ‘లోహలోప రక్తక్షీణతా నివారణ’ వంటిది. సమాసం నిర్దుష్టమే. పిల్లకు మాత్రం అర్థం కాదు.

బియ్యం విషయంలోనూ ఇదే జరిగింది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలను నూటికొకటి చొప్పున కలిపి చౌకబియ్యంగా ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. 2024 మార్చి నాటికి దేశమంతటికీ విస్తరించారు. మా ఊళ్ళలో ఆ గింజలు నీళ్ళలో వేరేగా కనబడేసరికి ప్లాస్టిక్ బియ్యం అన్న పుకారు పుట్టింది. అమ్మలు చేటలో పోసుకుని ఒక్కొక్క గింజా ఏరి పారవేశారు. ఆ పథకం మంచిచెడ్డలపై పండితులలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. కాని ఏ గింజ కోసం అంత ఖర్చు పెట్టారో ఆ గింజనే ఏరివేస్తూ ఆడవాళ్ళు మధ్యాహ్నమంతా కూర్చోవడం చూస్తే ఏమనాలి? సంచీ ఇచ్చిన చోట రెండు వాక్యాలు చెప్పేవాడుంటే సరిపోయేది.

ఫోలిక్ ఆమ్లం పేరు వచ్చింది కనుక కొల్లేటికి తూర్పున కూతవేటు దూరంలోని భీమవరాన్ని తలచుకోకుండా ఉండలేను. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చిన్నవయసులోనే సోదరులను స్ప్రూ అనే వ్యాధికి పోగొట్టుకున్నారు. తిన్నది ఒంటబట్టక, రక్తం విరిగి, మనిషి శల్యమయ్యే జబ్బు అది. అటు బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బట్టల మిల్లుల గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంలో దానిని కుదిర్చే పదార్థమేదో ఉన్నదని 1931లో ప్రకటించింది. ఆ పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లమయింది. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. మనము పత్రామ్లం అనుకోవచ్చు. దానిని ప్రయోగశాలలో 1945లో తయారుచేసినది అమెరికాలో లెడర్లీ సంస్థలో సుబ్బారావుగారి నాయకత్వాన పనిచేసిన బృందం. ఆయన 1948లో అక్కడే పోయారు. మన ఊరి ఆడపిల్ల గోడవతల పారేసిన నీలపు మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. భీమవరం పక్క బడులలో ఈ సంగతి పాఠంగా చెప్పవచ్చునని ఎన్నోసార్లు అనుకున్నాను.

నీరసమంతా ఇనుము లోపమేననుకుని దుకాణంలో టానిక్కు సీసా కొనడం కూడా ప్రమాదమే. నావంటి శాకాహారులకు, అందులోనూ పాలు పెరుగు తగ్గించినవారికి, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే చక్కెరరోగులకు బి12 తగ్గుతుంది. దానితో అరికాళ్ళ తిమ్మిర్లు, మరపు, నాలుక నున్నబడడం వస్తాయి. ముసలితనం అని సరిపెట్టుకుంటారు. మూత్రపిండాలు చెడినా రక్తం పడదు. అరవై దాటిన మగవానికి రక్తం తగ్గితే మొలలనుకుని ఊరుకోకూడదు, ప్రేగులలో పుండో కంతో ఉన్నదేమో చూపించుకోవాలి. ఏజెన్సీ వైపు, బుట్టాయగూడెం, పోలవరం గిరిజన గ్రామాలలో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య వ్యాధి సంగతి ఉన్నది. దాని కోసం 2023లో జాతీయస్థాయి కార్యక్రమం మొదలయింది. తలసీమియా ఉన్నవారికి వైద్యుడు చెప్పకుండా ఇనుము పోయడం హానికరం. కనుక పరీక్ష ముందు, సీసా తరువాత.

ఆ పరీక్షకు లాబులలో సి.బి.పి. అని పేరు. ఫలితం కాగితం నిండా ఇంగ్లీషు ఉంటుంది. ఇంటికి తెచ్చి బీరువాలో పెడతారు, ఎవరూ చదవరు. పై వరుసలలోనే హెచ్.బి. అనో హిమోగ్లోబిన్ అనో ఉంటుంది, దాని ఎదురుగా ఒక సంఖ్య. ఆడవారికి 12, గర్భిణికి 11, మగవారికి 13 కన్న తక్కువ ఉండకూడదు. పదేళ్ళ పిల్లకు 11.5. తరగతి గోడ మీద ఎక్కాల పక్కన ఈ నాలుగు అంకెలు తెలుగులో వ్రాసి పెట్టుకుంటే, ఆ కాగితం ఏడవ తరగతి పిల్లే తన తల్లికి చదివి పెట్టగలదు.